మేస్త్రీ చెయ్యి, బూడిద గుమ్మడికాయ

సైబోర్గ్ అంటే కళ్లల్లోంచి ఎర్రటి కాంతి చిమ్ముతూ, గోడలు బద్దలు కొట్టుకుంటూ వచ్చేవాడని చాలామంది అనుకుంటారు. అలాంటి కథలు టీ బడ్డీ దగ్గర బోలెడు చెప్పాను. కొన్ని చదివినవి, ఎక్కువ అక్కడికక్కడే పుట్టించినవి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఒంట్లో ఇనుము ఉన్నంతమాత్రాన ఎవడూ సైబోర్గ్ అయిపోడు. అలాగైతే కాలి ఎముకలో రాడ్డు వేయించుకున్నవాళ్లతోనే మన స్టీలు సిటీ సగం నిండిపోతుంది. చర్మం తొడిగిన మరమనిషీ కాదు, వాడి లోపల మనిషే లేడు. మనిషీ ఉండాలి, యంత్రమూ ఉండాలి, ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో తేల్చలేకపోవాలి. నాకు తెలిసి అలాంటివాడు ఒక్కడే. మా అక్క మొగుడు.

బావా నేనూ గోపాలపట్నంలో ఒకే లేత్ షాపులో పనిచేస్తాం. టర్నర్లందరిలో ఆయన పెద్ద కాబట్టి అంతా మేస్త్రీ అంటారు. పనిలో చురుకే గానీ, మనిషి మహా నిదానం. టీ తాగుతావా అని అడిగితే, జవాబు వచ్చేసరికి మన గ్లాసు ఖాళీ అవుతుంది. పెళ్లిలో తాళి చేతికిస్తే, గట్టిమేళం అయిపోవచ్చాక కట్టాడు.

సబ్బవరం రోడ్డులో స్కూటర్ జారి పడి కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. ఏడాది తిరక్కుండా బ్యాటరీ చెయ్యి వచ్చింది. మోచేతి కింద మిగిలిన కండను ఒకలా బిగిస్తే వేళ్లు ముడుచుకుంటాయి, ఇంకోలా బిగిస్తే తెరుచుకుంటాయి. నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి? ఆ చెయ్యి తాకితే షాఫ్టులో వెంట్రుకవాసి తేడా కూడా తెలిసిపోతుందన్నాను. చేపల బజారులో అది వేలు చూపిస్తే అమ్మేవాళ్లు భయపడి సరైన ధర చెబుతారన్నాను. దాన్ని చూడటానికి సింహాచలం నుంచి కూడా జనం వచ్చారు.

“ఒరే బావమరిదీ, నీ కోతలకే నా సేతి సార్జింగు అయిపోతంది” అనేవాడు బావ.

అంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మా షాపులో లేతులు కిరసనాయిలుతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, చిన్న పనిముట్లన్నీ పీట మీద సర్దుతాం. ఒకసారి పీటెక్కిన దాన్ని మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోకూడదు. యంత్రాలకు ఆ రోజు సెలవు. చివర్లో షాపులో పెద్దవాడు కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, షాపు చుట్టూ దిష్టి తీసి, వీధిలో పగలగొడతాడు. ఎన్నో ఏళ్లుగా అది బావ పని. కిందటేడు కట్టుతో నిలబడి ఇంకొకరు కొడుతుంటే చూసి, పులిహోర కూడా ముట్టకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఈ ఏడు ఆ కాయ దక్కకపోతే ఇక షాపు గడప తొక్కనని అక్కతో అన్నాడట. నాతో అనలేదు. అని ఉంటే ఊరంతా తెలిసేది.

కిందటేడు కాయ కొట్టింది మా వెల్డరు. బావ కాయ మీదికి వంగగానే అడ్డం వచ్చాడు.

“మేస్త్రీ, ఆ సెయ్యి యంత్రం గదేటి. ఈయేళ యంత్రానికి సెలవు. ఇప్పి పీట మీదెట్టు.”

“యంత్రమని నీకెవడు సెప్పేడు?” అన్నాను.

“నువ్వే గదా. టీ బడ్డీ కాడ రోజూ సెప్తన్నావ్.”

“మరి నీ కళ్లజోడో?”

వాడు తక్కువవాడా. కళ్లజోడు తీసి, బొట్టు పెట్టి, స్పానర్ల పక్కన పెట్టేశాడు. తర్వాత గుమ్మడికాయ అనుకుని నా పొట్ట తడిమాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. చేతిని మోచేతి దగ్గర పట్టుకుని ఉన్న పట్టీ మీదికి ఆయన ఎడమ చెయ్యి వెళ్లింది.

షాపు యజమాని సాయిబు గారిది సిటీలోని పాత ఊరు. పూజ రోజు కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చోవడం ఆయన అలవాటు. అక్కడి నుంచే, “అరె, నా గుండె పక్కన బ్యాటరీ పెట్టేరు. నన్ను కూడా పీటెక్కించేత్తారేటి?” అన్నారు.

“మీరు మనిషి గదా సాయిబు గారూ” అన్నాడు వెల్డరు.

“మేస్త్రీ కాడేటి? పీట మీద సామాను ఎవరు పట్టుకుంటే ఆడి మాట ఇంటాది. ఆ సెయ్యి ఎవరి మాట ఇంటాదో సూడండి. కానియ్యి మేస్త్రీ.”

బావ కాయ ఎత్తాడు. ఎడమ అరచెయ్యి కింద ఆనించి, బ్యాటరీ వేళ్లతో తొడిమ పట్టుకున్నాడు. దిష్టి తీశాడు. వీధిలోకి వచ్చి తలపైకి లేపి విసిరాడు. ఎడమ చెయ్యి వదిలేసింది. కుడి చెయ్యి వదల్లేదు. కాయ తొడిమకు వేలాడుతూ వీధి మధ్యకు పోయే దారి తప్పింది. మేం నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, అప్పుడు, తీరిగ్గా, వేళ్లు విచ్చుకున్నాయి. కాయ నేరుగా వెల్డరు కాళ్ల ముందు పగిలింది. కుంకుమ నీళ్లు వాడి కొత్త ప్యాంటు మోకాళ్ల దాకా చిందాయి.

వెల్డరు కళ్లజోడు లేని కళ్లు చికిలించి ముందు ప్యాంటును, తర్వాత ఆ చేతిని, ఆ తర్వాత బావ మొహాన్ని చూశాడు.

“అనుమానం లేదు సాయిబు గారూ, ఇది మేస్త్రీ సెయ్యే” అన్నాడు. “యంత్రమైతే టైముకి వదిలేసును.”

సైబోర్గ్ గురించి నేను అల్లిన కథలన్నిట్లోనూ అంత చక్కటి మాట లేదు. బావ పులిహోర రెండోసారి వేయించుకున్నాడు. ఇంకా కావాలా అని అడిగితే, మేం చేతులు కడుక్కున్నాక, కావాలన్నాడు.