కింద వేసే పేరు

చింతామణి ఊర్లో నేను ప్రూఫులు దిద్దిన ప్రెస్సులో అక్షరాలు పేర్చే ముసలి కంపోజిటరు ఒకడు ఉండేవాడు. ఏది అచ్చేసినా అడుగున ప్రెస్సు పేరు ఉండాలన్నది చట్టం. అందులో రాసింది ఎంత చెడ్డదైతే ఆయన ఆ పేరును అంత పెద్ద అక్షరాల్లో పెట్టేవాడు. పెళ్లి పత్రికల్లో అది చీమ తలంత ఉండేది. ఒక్క సీసాతో షుగరు మాయమయ్యే మందు ప్రకటనలో వేలెడంత ఉండేది.

ఒకసారి బాగేపల్లి నుంచి ఎన్నికల కరపత్రం వచ్చింది. పోటీలో నిలబడిన ఒక టైలరమ్మ మీద అన్నీ నీచమైన అబద్ధాలు.

"ఇది పంచితే ఆయమ్మ ఊర్లో తలెత్తుకోని తిరగలేదప్పా," అన్నాడు కంపోజిటరు.

"రాసింది వాళ్లు. మనం అచ్చేసేవాళ్లం. మనకేం సంబంధం?" అన్నాడు ఓనరు.

కంపోజిటరు పోయి అక్షరాలు పేర్చడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ప్రూఫు వచ్చింది. సగం కాగితం ప్రెస్సు పేరే. దాని కింద ఓనరు పేరు, ఆయన తండ్రి పేరు.

"ఏందప్పా ఇది? మా నాయనేం చేసినాడు?"

"సంబంధం లేదంటివి కదప్పా. ఎంత పెద్దగుంటే ఏమి?"

"రేపట్నుంచి పనికి రావద్దు!"

"రానులేప్పా. పేరు మాత్రం తగ్గించొద్దు."

ఓనరు ప్రూఫును రెండుసార్లు చదివి, ఆర్డరు వెనక్కి పంపాడు. మర్నాడు కంపోజిటరు ఎప్పటిలాగే వచ్చాడు. ఓనరు ఒక పెళ్లి పత్రిక తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

కంపోజిటరు చనిపోయినప్పుడు శ్రద్ధాంజలి కార్డు మేమే వేశాం. కింద మన ప్రెస్సు పేరు ఏ సైజులో పెట్టాలని ఓనరు నన్ను అడిగాడు. ఉన్నవాటిలో చిన్నది చూపించాను.

ఓనరు అక్షరాల సొరుగులన్నీ వెతికాడు.

"ఇంకా చిన్నది ఉండాదప్పా," అన్నాడు.