మార్కర్ సీమోను తప్పిన నల్ల బంతి

మా ఇబ్రహీంపట్నంలో గెలిచి పేరు తెచ్చుకున్నవాళ్లకు కొదవ లేదు. ఓడిపోయి పేరు తెచ్చుకున్నవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే, మార్కర్ సీమోను. పెద్దయ్యాక ఆయన్నే అడిగి కొంత, ఆయన భార్య మరియను అడిగి కొంత తెలుసుకున్నాను. మిగతాది ఊరు చెప్పింది. ఊరు చెప్పినదాంట్లో సగం అబద్ధమని తెలిసే రాస్తున్నాను.

నిజాం రాజ్యం చివరి రోజుల్లో తాలూకా ఆఫీసర్ల కోసం ఇక్కడ పెంకుటింట్లో ఒక క్లబ్బు ఉండేది. అందులో పదిమంది పడుకునేంత బల్ల, దానిమీద పచ్చని బట్ట. మూలమూలకూ నడుమనా కలిపి ఆరు సంచులు. పదిహేను ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు. తెల్ల బంతిని కర్రతో పొడిచి, అది తగిలి మిగతావి సంచుల్లో పడేట్టు చేయాలి. అన్నిటికన్నా విలువైనది, చివరిదాకా మిగిలేది నల్లది. ఆటను స్నూకర్ అంటారు. మావాళ్లు బంతులాట అనేవారు.

బంతులు పేర్చడం, కర్రలకు సుద్ద రాయడం, లెక్క పైకి చెప్పడం మార్కర్ పని. సాబుకు జోడీ దొరకని రోజు తానే ఆడాలి. ఆడితే ఓడాలి. ఈ చివరిది ఎక్కడా రాసి ఉండదు, కానీ జీతం ఇచ్చేది దానికే. సీమోను కుర్రతనంలో, తెల్లదొరల దండు ఉండే లష్కర్‌లో, వాళ్ల క్లబ్బులో చేరినప్పుడు అక్కడి ముసలి మార్కర్ ఒకే పాఠం చెప్పాడట: "సాబును గెలిపియ్యి. కని చెమట పట్టిచ్చి గెలిపియ్యి. అల్కగ గెలిస్తే ఆయనకు మజా ఉండదు, ఓడితే నీకు నౌకరి ఉండదు."

ఇక్కడికి వచ్చాక పన్నెండేళ్లు సీమోను ఆ పాఠాన్ని బైబిల్ కన్నా శ్రద్ధగా పాటించాడు. ఎప్పుడూ నల్ల బంతి దాకా తెచ్చేవాడు, నల్ల బంతిని వెంట్రుకవాసిలో తప్పేవాడు. తహసీల్దార్లు మారారు, అమీన్లు మారారు, ఆ వెంట్రుకవాసి మారలేదు.

ఊరివాళ్లను క్లబ్బులోకి రానివ్వరు. అయితే కిటికీ ఊచలు పట్టుకోవద్దని ఎవరూ అనలేదు. సాయంత్రమైతే అక్కడ దర్జీ మల్లేశయ్య, మేకల జంగా హాజరు. బల్లమీది బట్ట చిరిగితే రఫ్ఫు చేసేది మల్లేశయ్యే కాబట్టి ఆట గురించి ఆయన మాటే చివరి మాట. కర్ర ముట్టుకోకపోయినా సరే.

"సాబు గుండె కొట్టుకుంటున్నదిరా. జర చెవులు సూడు, ఎర్రగైనయ్" అనేవాడు మల్లేశయ్య.

"గది గుండె కాదన్నా, సారా."

"సారా అయితే ముక్కు ఎర్రగైతది. ఎర్రిమాటలు మాట్లాడకు."

వాళ్లు సాబు ఆట చూడటానికి వచ్చేవాళ్లు కాదు. ఈరోజు సీమోను ఎలా తప్పుతాడో చూడటానికి వచ్చేవాళ్లు. సన్నగా తప్పితే "శభాష్" అని గుసగుస. కాస్త మోటుగా తప్పితే మల్లేశయ్య మొహం పాడైపోయేది. ఊళ్లకు ఊళ్లు మండుతున్నాయి, ఒకవైపు రజాకార్లు, ఇంకోవైపు సర్కారుమీద తిరగబడ్డ సంగపోళ్లు, వీళ్లకు బంతుల ఫికరా అని మీరు తిట్టవచ్చు. తిట్టండి. కానీ ఒక ఆఫీసరుకు చెమటలు పట్టడం తాలూకా మొత్తంలో క్షేమంగా చూడదగిన చోటు అదొక్కటే.

నలభై ఎనిమిది ఎండాకాలంలో కొత్త అమీన్ వచ్చాడు. ఠాణాకు పెద్ద. పట్నంలో ఆడి నేర్చినవాడు. వారం రోజులు వరసగా గెలిచాక ఆయనకు అనుమానం వచ్చింది. అప్పటిదాకా వచ్చిన ఆఫీసర్లకు ఆ జబ్బు లేదు.

అదే వారం మరియ తమ్ముడు నారయ్యను పట్టుకున్నారు. గంపలో నలభై జొన్నరొట్టెలు దొరికాయి. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఇన్ని ఎవరికని అడిగితే "నాకు ఆకలెక్కువ సాబ్" అన్నాడట. రొట్టెలు సంగపోళ్లకని ఠాణాలో గోడలకు కూడా తెలుసు. శనివారం శనివారం ఠాణా నుంచి పట్నానికి లారీ పోతుంది. అంతకుముందు లారీ ఎక్కినవాళ్లలో ఒక్కడూ తిరిగి రాలేదు.

"నువ్వు రోజు ఆయన ముంగటనే నిలబడ్తవ్ గద, అడుగు" అంది మరియ. సీమోను అడిగాడు. కర్రకు సుద్ద రాస్తూ, తల వంచుకుని అడిగాడు. అమీన్ మీసం దువ్వుకున్నాడు.

"నువ్వు నన్ను గెలిపిస్తున్నవ్. నాకు తెల్వదనుకుంటున్నవా? శుక్రవారం నమాజ్ అయినంక ఇమాందారుగ ఆడు. గెలిస్తే నీ బామ్మర్దిని తీస్కపో. ఓడితే శనివారం వాడు లారీల ఉంటడు."

కథ బజారుకెక్కింది. ఇక సలహాలకు లోటేముంది? జీవితంలో తెల్ల బంతిని దగ్గరగా చూడనివాళ్లు కూడా సీమోనును ఆపి పాఠం చెప్పారు. జంగా అన్నాడు: "అన్నా, ఆయన మొకం సూడకు, బెల్టు సూడకు. బంతినే సూడు." మల్లేశయ్య తన దుకాణంలో కూర్చోబెట్టి, నోట్లో సూది తీసి మరీ చెప్పాడు.

"నల్లదాని దాకా రానియ్యకు సీమోను. ముందుగల్లనే తెంపెయ్యి. నల్లదాని కాడికొస్తే నీ చెయ్యికి పాత అలవాటు యాదికొస్తది. భయాన్ని ఆపొచ్చు, అలవాటునెట్ల ఆపుతవ్?"

దర్జీ కాకపోతే ఆయన పెద్ద వైద్యుడయ్యేవాడు. జబ్బు సరిగ్గా చెప్పాడు, మందు మాత్రం లేదు.

ఒక మధ్యాహ్నం క్లబ్బు ఖాళీగా ఉన్నప్పుడు సీమోను నల్ల బంతి ఒక్కటే పెట్టుకుని కొట్టి చూశాడు. ఇరవై సార్లు కొడితే ఇరవై సార్లూ పడింది. ఇంటికొచ్చి మరియకు చెప్పాడు.

"పడ్తది మరియా. ఒక్కటి గూడ తప్పలె."

"అప్పుడు ముంగట ఎవలున్నరు?" అంది మరియ.

ఎవరూ లేరు.

శుక్రవారం కిటికీ దగ్గర ఊచకు ముగ్గురు చొప్పున వేలాడారు. సీమోను ఆడాడు. పన్నెండేళ్లు దాచిపెట్టుకున్న ఆటంతా బయటికి తీశాడు. ఎర్రవి వరసగా పడుతుంటే జంగా నోరు తెరిచి మూయలేదు. ఇంత ఆట ఇన్నాళ్లూ ఇతని దగ్గర ఉందా అని కాదు, ఇంత ఆట పెట్టుకుని రోజూ ఓడటానికి ఎంత ఓపిక కావాలో అని. అమీన్ కూడా తక్కువవాడేమీ కాదు. వెనకబడ్డప్పుడల్లా తెల్ల బంతిని తీసుకెళ్లి ఇతర బంతుల చాటున దాచాడు. సుద్ద తెమ్మని, నీళ్లు తెమ్మని సీమోనును నౌకరీ గుర్తుచేస్తూ నడిపించాడు. నడిచి వచ్చి మళ్లీ కర్ర పట్టుకున్న ప్రతిసారీ సీమోను చెయ్యి కాస్త బరువెక్కింది.

చివరికి మల్లేశయ్య భయపడ్డదే అయింది. బల్లమీద నల్లది ఒక్కటే మిగిలింది. సీమోను ఐదు ముందున్నాడు, నల్లదానికి ఏడు. ఎవరు వేస్తే వాళ్లదే ఆట. వంతు సీమోనుది. బంతి సంచికి ఎదురుగా, చక్కగా ఉంది. ఆనాటి మధ్యాహ్నం ఇరవై సార్లు పడ్డది అదే బంతి.

సీమోను వంగాడు. అప్పుడు అమీన్ జవానుతో మెల్లగా చెప్పాడు: "వాన్ని గూడ తీస్కరా, సూస్తడు." నారయ్యను తెచ్చి సరిగ్గా ఆ సంచి వెనకే నిలబెట్టారు. పెదవి పగిలి ఉంది. ఒక భుజం కిందికి జారి ఉంది. బావను చూసి నవ్వబోయాడు.

సీమోను కొట్టాడు. బంతి సంచి నోటిదాకా పోయి, ఆ నోటి ఒక దవడకు తగిలి, ఇంకో దవడకు తగిలి, అంచుమీద నిలబడింది. పన్నెండేళ్లుగా ఎక్కడ నిలబడేదో అక్కడే.

అమీన్ దాన్ని కర్రతో అలా తాకించి లోపల వేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన సీమోను దగ్గరకు వచ్చి మొహంలోకి చూశాడు. గడ్డం దాకా కారిన కన్నీళ్లు చూశాడు. ఆయన మొహం పండుగనాటి మొహమైంది.

"రోజు ఓడినట్టు కాదు, ఇయ్యాల నువ్వు నిజంగ ఓడినవ్" అన్నాడు. "నా బతుకుల ఒక్క ఆట నిజంగ గెలిచిన. కొడుకు పుట్టిననాడు గూడ ఇంత కుషీ కాలె. వాన్ని తీస్కపో."

నారయ్య బతికాడు. కిటికీ బయట మల్లేశయ్యకు జ్ఞానోదయమైంది.

"ఏం తెలివిరా వీనిది! గెలిస్తే అమీన్ మొకం మాడుతది. మాడిన మొకం మాట నిలబెట్టుకుంటదా? గందుకే తప్పిండు. ఏడ్సుడు గూడ యాక్టింగే!"

తెల్లారేసరికి అది ఊరందరి అభిప్రాయం. సీమోను కాదన్నాడు. ఎవరు వింటారు? అంత గొప్పగా తప్పినవాడు కావాలని తప్పలేదంటే నమ్మడానికి మావాళ్లేం పిచ్చివాళ్లా? సీమోను నిజంగా ఓడాడని తెలిసినవాడు అమీన్ ఒక్కడే. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి ఐదు రోజుల్లో రాజ్యం మారిపోయింది. అమీన్ బట్టలు మార్చుకుని ఎటో వెళ్లిపోయాడు. బల్లమీది బట్ట మల్లేశయ్య చేతికి చిక్కింది. ఆ చలికాలం బజారులో నలుగురు పచ్చని లాగులతో తిరిగారు.

నారయ్య ఖద్దరు టోపీ పెట్టాడు. ఊరి కమిటీలో పెద్దమనిషి అయ్యాడు. ఆ నలభై రొట్టెలు ఎవరికని ఇప్పుడు ఎవరూ అడగలేదు. సంగపోళ్లను ఈసారి కొత్త సర్కారు వెతుకుతోంది కాబట్టి ఆయనా చెప్పలేదు. సభ పెట్టి, సీమోనును పైకెక్కించి బంతిపూల దండ వేశాడు. "నిజాం అమీన్‌ను ఒక్క బంతితోటి బోల్తా కొట్టిన మా బావ" అన్నాడు. మాట్లాడమని ముందుకు తోశారు.

"నేను ఎయ్యాలనే కొట్టిన. పడలె" అన్నాడు సీమోను.

చప్పట్లు మారుమోగాయి. ఎంత వినయం! నారయ్య మాత్రం చప్పట్లు ఆపేశాడు. సంచి వెనక నిలబడి ఆ మొహాన్ని ఎదురుగా చూసినవాడు ఆయనే కదా.

సభ అయ్యాక నారయ్య సీమోను ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు.

"నిజమేనా బావా?"

"నిజమే."

"అయితే నేను బతికింది గా అమీన్ కుషీ మీదనా?"

"అవ్."

నారయ్య టోపీ సర్దుకున్నాడు. "గీ ముచ్చట ఇంకెక్కడ చెప్పకు బావా. అమీన్ దయ తలిచి ఇడిసిండంటే నా మాట కమిటీల ఎవడు ఇంటడు? నువ్వు తప్పినవ్, నేను బతికిన. గంతే."

సీమోనుకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం మరియ చూడటం అదే మొదలట.

"పన్నెండేండ్లు ఓడాలని కొట్టిన. ఒక్కనాడు గెలువాలని కొట్టినరా, నీ కోసం. గది గూడ నాకు ఉంచవా?"

నారయ్య చెప్పులు వేసుకున్నాడు. చివరికి సీమోనే మెత్తబడ్డాడు. "సరే తియ్యి. నువ్వు చెప్పినట్టే కానీ" అన్నాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికాడు. ఎవరు అడిగినా, కావాలనే తప్పానని చెప్పేవాడు. నాకూ మొదట అదే చెప్పాడు.