సిస్టరమ్మ కొడుకు సంతాపసభ

మొన్న సాయంత్రం తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పడి మా ఆటో ఆగింది. రోడ్డు వారగా షామియానా వేసి, ఎవరో పెద్దాయన ఫోటో పెట్టి, దానికి మనిషంత పొడుగు గులాబీల దండ వేశారు. మైకులో పురోహితుడు శాంతిమంత్రం చదువుతున్నాడు. పక్కనే తెల్లబట్టల నాయకుడొకాయన చెవి దగ్గర ఫోను పెట్టుకుని, అవతలివాళ్ళు చెప్పేది వింటూనే భక్తిగా కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఎవరు పోయారని ఆటో అబ్బాయిని అడిగితే, తనకూ తెలియదని, ఇక్కడ ఎప్పుడూ ఎవరిదో ఒకరిది ఉంటుందని చెప్పాడు. ఆటో కదిలిపోయింది. నేను మాత్రం ఇంటికి చేరేదాకా తెలంగాణ ఉద్యమం రోజుల్లోనే ఉండిపోయాను.

అప్పట్లో మేము తార్నాకలో, రైల్వే క్వార్టర్సుకు దగ్గర్లో ఒక పాత ఇంట్లో ఉండేవాళ్ళం. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. నాన్న సంస్కృతం లెక్చరరుగా రిటైరై, అనంతపురం యాసను మాత్రం రిటైరు చేయకుండా కాపాడుకుంటూ వస్తున్నాడు. ఇంటి వెనక రెండు గదుల పోర్షన్‌లో ఒక నర్సు అద్దెకుండేది. వరంగల్ వైపు పల్లె ఆమెది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక కొడుకు, ఒక కూతురు. ఆసుపత్రిలో సిస్టర్ అంటారు కదా, మా వీధివాళ్ళు దానికి గౌరవంగా ఇంకో అమ్మను తగిలించి సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆదివారం పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని అడిక్‌మెట్‌లో ఉన్న చిన్న చర్చికి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి నాన్న వాకిట్లో పేపరు చదువుతూ, ప్రార్థన బాగా జరిగిందా అని అడిగేవాడు, పెళ్ళి భోజనం బాగుందా అని అడిగినట్టు. మంచిగ జరిగింది సారూ అనేది ఆమె. అన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య జరిగిన మతచర్చ అంతకు మించి లేదు.

పిల్లలు కాలేజీ రికార్డుల్లో హిందువులే. ఎస్సీ పిల్లలు చర్చికి వెళ్తామని రాసుకుంటే రిజర్వేషన్ పోతుంది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అబ్బాయి ఎమ్మే తెలుగు. సాయంత్రాలు నాన్న దగ్గర కూర్చుని ఛందస్సు, కాస్త సంస్కృతం నేర్చుకునేవాడు. ఉద్యమం ఊపందుకున్నాక చదువు తగ్గి నినాదాలు పెరిగాయి. నాన్నకు రాష్ట్రం విడిపోవడం ఇష్టం లేదు, ఆ మాట దాచుకునేవాడూ కాదు. అయినా ఆ అబ్బాయి కొత్త నినాదం రాసుకొచ్చి వినిపిస్తే, అర్థం సంగతి పక్కనబెట్టి రెండో పాదంలో మాత్ర ఎక్కువైందని సరిదిద్దేవాడు. మరునాడు క్యాంపస్‌లో వందలమంది అదే నినాదం అరుస్తూ మా లైబ్రరీ ముందునుంచి వెళ్తుంటే, సీమాయన దిద్దిన మాత్రలు గదా అని నాకు నవ్వొచ్చేది.

ఆ ఏడు రిలే దీక్షలు మొదలయ్యాయి. అబ్బాయి కూర్చున్నాడు. అప్పటికే ఒంట్లో బాగాలేదు. సిస్టరమ్మ డ్యూటీ నుంచి వస్తూ శిబిరం దగ్గర ఆగి, కొడుకు కళ్ళు పసుపుగా ఉండటం చూసి చెయ్యి పట్టుకు లాగింది. ఇయ్యాల్లొక్క రోజు కూసుంటనే అమ్మా, రేపటి సంది నువ్వు చెప్పినట్లు వింట అన్నాడట. కామెర్లు ముదిరిపోయాయి. తను పనిచేసే ఆసుపత్రిలోనే, తన చేత్తో సెలైన్ మారుస్తుండగానే కొడుకు పోయాడు. సొంత ఊళ్ళో, వాళ్ళ చర్చి వెనక ఉన్న నేలలో, బంధువులు నలుగురూ పాట పాడి సమాధి చేశారు. మేమూ వెళ్ళాం. నాన్న చివరిదాకా చెప్పుల్లేకుండా ఎండలో నిలబడ్డాడు. ఆ రోజు ఏ పార్టీవాళ్ళూ రాలేదు.

పత్రికలో అబ్బాయి ఫోటో పడ్డాక వచ్చారు. మాణికేశ్వర్ నగర్ నుంచి ఒకతను, ఒక పార్టీ నాయకుడికి కుడిభుజమని చెప్పుకునేవాడు, ఇద్దరు కుర్రాళ్ళను వెంటబెట్టుకుని నాన్న దగ్గరికి వచ్చాడు. పెద్దకర్మ రోజున క్యాంపస్‌లో సంతాపసభ పెడుతున్నారట, నాయకుడు స్వయంగా వస్తాడట, వేదమంత్రాలు చదవడానికి ఒక పండితుడు కావాలట. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద పండితుడు ఉన్నాడని తెలిసి వచ్చారట. పెద్దకర్మ మాట విని నాన్న చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"వానికి ఏం చదవాలో వాళ్ళమ్మను అడగండప్పా. ఆమె ఏం చెబితే అది చేద్దాం," అన్నాడు.

ఆ యాసకు అతను ఉలిక్కిపడి, సారుది ఏ జిల్లా అని అడిగాడు. అనంతపురమని నాన్న చెప్పగానే కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. అతనే సర్దుకుని, "పర్వాలేదు సార్. మంత్రానికి జిల్లా ఏముంటది," అన్నాడు.

వెనకవైపు నేనే తీసుకెళ్ళాను. సిస్టరమ్మ చాప మీద కూర్చుని ఉంది, పక్కన ఇంటర్ చదివే కూతురు. ఆమె పెద్దగా ఏమీ కోరలేదు. వాళ్ళ పాస్టరు గారితో ఒక ప్రార్థన, చర్చిలో కొడుకు పాడే పాట ఒకటి, అంతే. అతను చాలా మర్యాదగా చాప అంచున కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. గట్టిగా అరిచినా బాగుండేదని నాకు తర్వాత అనిపించింది.

"అమ్మా, తమ్ముడు మనోడే అని లోకమంతా అనుకుంటున్నది. టీవీలోల్లు వస్తరు. పాస్టర్ స్టేజీ ఎక్కితే రేపు ఎవడన్న లొల్లి పెడ్తడు. పాప సీటు సంగతి గూడ సూస్కోవాలె గద. నేను నీ మంచికే చెప్తున్న."

ఆమె కూతురి వైపు చూసింది. పిల్ల తల దించుకుంది. అతను లేచి, నాయకుడు చాలా బాధపడుతున్నాడని చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రం సిస్టరమ్మ మా వాకిట్లోకి వచ్చి, పందిరి గుంజ పట్టుకుని నిలబడి నాన్నతో అంది. "మీరే చదువుండ్రి సారూ. ఎవరో తెల్వనోళ్ళు చదివేకన్న మీ నోటితోని అయితే వాడు వింటడు."

సభ రోజు క్యాంపస్‌లో చెట్లన్నిటికీ మైకు హారన్‌లు కట్టారు. వేదిక మీద అబ్బాయి ఫోటో ఉంది. ఎవరో దాని నుదుట కుంకుమబొట్టు పెట్టారు, ముందు కొబ్బరికాయలు, హారతి పళ్ళెం. సర్వమత ప్రార్థన అని బ్యానరు కట్టారు గానీ, ముస్లిం పెద్దాయనొకరిని వెనకవరస కుర్చీలో కూర్చోబెట్టి మర్చిపోయారు. క్రైస్తవుల కుర్చీ అసలే లేదు. నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, సిస్టరమ్మ చేతులు పట్టుకుని కెమెరాలు చాలనేదాకా వదల్లేదు. తర్వాత ఆమె చేతికి హారతి పళ్ళెం ఇచ్చారు. ఇరవై ఏళ్ళుగా రోగుల చేతులు పట్టుకుని సూదులు వేసిన మనిషి, ఆ పళ్ళేన్ని ఎటు తిప్పాలో తెలియక ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పడం నేను కింద నుంచి చూశాను.

నాన్న మైకు ముందుకు వచ్చాడు. గొంతు సవరించుకుని, నిదానంగా, స్వరం పెట్టి చదివాడు. సభంతా లేచి చేతులు జోడించింది. నాయకుడు కళ్ళు మూసుకున్నాడు. నాకు అంతంతమాత్రం సంస్కృతం వచ్చు కాబట్టి మొదటి పాదానికే తెలిసిపోయింది. అది మంత్రం కాదు. అంతకు ముందు ఏడాది ఆ అబ్బాయి నాన్న దగ్గర అభ్యాసంగా రాసిన రెండు శ్లోకాలు. తప్పిపోయిన గొర్రెపిల్లను వెతికి, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చే కాపరిని గురించి. వాళ్ళమ్మ దేవుడి గురించి. నాన్న ఆ చివరి పాదాన్ని రెండుసార్లు చదివి, ఫోటోకి నమస్కారం పెట్టి దిగిపోయాడు.

నాయకుడు మైకు అందుకుని, విన్నారా, ఇదీ మన సంస్కృతి, వేల ఏండ్ల నాటి వేదం, ఈ వేదభూమి బిడ్డ మన అమరుడు అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత అరగంటసేపు వచ్చే ఎన్నికల గురించి మాట్లాడాడు.

ఇంటికొచ్చాక నాన్న కాళ్ళు కూడా కడుక్కోకుండా వెనక పోర్షన్‌కి వెళ్ళాడు. తాను చదివింది ఏమిటో ఆమెకు తెలుగులో ఒక్కొక్క పాదమే విప్పి చెప్పాడు. గొప్ప కానుక ఇస్తున్నానని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. సిస్టరమ్మ అంతా విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"దేవునికైతే అర్థమైతది సారూ. కని నేను గాడ కూసున్న, నాకు తెల్వలే. నా కొడుకుకు చేసిన ప్రార్థన గూడ దొంగతనంగనే చేయవల్సొచ్చింది," అంది. ఆ మాటలో నిందేమీ లేదు. అది మొదలు ఎవరు ఏ సభకు పిలిచినా నాన్న వెళ్ళలేదు. ఛందస్సు చెప్పమని పిల్లలొస్తే, ఓపిక లేదని పంపించేసేవాడు. రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా టపాకాయలు పేలుతుంటే, సిస్టరమ్మ పోర్షన్‌లో లైటు వేయలేదు. నాన్న కూడా చీకట్లోనే కూర్చున్నాడు. ఇద్దరివీ వేరు వేరు కారణాలని వీధిలో వాళ్ళు అనుకుని ఉంటారు. ఆ మరుసటేడే నాన్న పోయాడు. సిస్టరమ్మ అంబర్‌పేట్‌కి ఇల్లు మారింది.

కిందటేడు కూతురి పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను. పిల్లకు ఎస్సీ కోటాలో ప్రభుత్వోద్యోగం వచ్చింది. ఫంక్షన్ హాల్లో ఆఫీసువాళ్ళే సగం మంది. మంటపంలో పురోహితుడు మైకు పెట్టుకుని పెళ్ళి జరిపిస్తున్నాడు. సిస్టరమ్మ ఒక పక్కన పీట మీద కూర్చుని, ఆయన చెప్పినప్పుడల్లా అక్షింతలు వేస్తోంది, నీళ్ళు వదులుతోంది. ఎక్కడా తడబడలేదు. నేను దగ్గరికి వెళ్ళి కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, ఏమీ అడక్కుండానే, "అలవాటైంది అక్కా," అంది. పాస్టరు గారు ఎక్కడున్నారని నేను అడగబోయి ఊరుకున్నాను. భోజనాల హాల్లో, చివరి బల్ల దగ్గర, అందరిలాగే తింటూ కనిపించాడాయన.

కాలం దుఃఖాన్ని తగ్గిస్తుందని అంటారు. నేను చూసినంతలో అది తగ్గించలేదు, నలుగురిలో ఉన్నప్పుడు బయటపడకుండా కూర్చోవడం నేర్పింది, అంతే.