లచ్చవ్వ దోసిలి

మొక్కజొన్న పేలాల వాసన ఇల్లంతా కమ్మిందంటే మా మనవరాలు మళ్లీ ఆ రకం సినిమా పెట్టిందని అర్థం. పేరు మార్చుకుని, ఊరు మార్చుకుని పెద్దమనిషిలా బతుకుతున్న ఎవడో ఒకడిని పాత పాపం వెతుక్కుంటూ వచ్చి గొంతు పట్టుకుంటుంది. నానక్‌రామ్‌గూడలో, పద్నాలుగో అంతస్తులో కూర్చుని నేనూ చూస్తాను. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. నేను కళ్లారా చూసిన అలాంటి కథ ఒక్కటే, అందులో పట్టుబడింది పాపం చేసినవాళ్లు కాదు.

నిజాం పాలన చివరి రోజులు, నాకు ఏడేళ్లు. ఇక్కడప్పుడు బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, మధ్యలో మా చిన్న ఊరు. ఆ వానాకాలం చేతిలో చిన్న మూటతో లచ్చవ్వ వచ్చి, మొగుడు పోయాడు, నా అన్నవాళ్లు లేరని చెప్పి మా ఇంట్లో పనికి కుదిరింది. జొన్నరొట్టె పొంగేలా కాల్చడం, సద్దుల బతుకమ్మ నాడు రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద ముందుగా నా చేతిలో పెట్టడం, గడ్డిలో మాగేసిన సీతాఫలాల్లో మెత్తబడినది నాకోసం దాచడం, అచ్చనగండ్లలో కావాలని ఓడిపోవడం ఆమెకే చెల్లింది.

ఒకరోజు తాత పాన్ ఉమ్మడానికి అరుగు చివరికి వంగితే, లచ్చవ్వ ఎక్కడినుంచో పరుగున వచ్చి ఆయన గడ్డం కింద దోసిలి పట్టింది. తాత బిత్తరపోయాడు.

"ఏందమ్మా గిది! ఇది దొర గడీ గాదు."

అడిగితే ఏడుస్తూ చెప్పింది. దొర బిడ్డ పెళ్లిలో నగలతో పాటు అరణంగా పంపిన ఆడబాప ఆమె, బతుకంతా గడీలో ఊడిగం చేయాల్సిన దాసి. మొగుడన్నవాడే లేడు. గడీ నుంచి పారిపోయి వచ్చింది. నాయినమ్మ నా చెవి మెలిపెట్టి, "బయట ఎవ్వరికన్న చెప్పినవంటే తోలు తీస్త" అంది.

చెప్పలేదు. చేసి చూపించాను.

బతుకమ్మ పండుగ అయ్యాక దూరపు ఊరి గడీలో పెత్తనం చేసే మనిషి ఎడ్ల బేరానికి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నలుగురినీ నవ్వించడం నాకప్పుడు పిచ్చి. ఆయన పాన్ నమిలి పక్కకు తిరగ్గానే ఉరికి వెళ్లి దోసిలి పట్టాను. తాత తప్ప అందరూ నవ్వారు, అందరికన్నా ఎక్కువగా ఆయనే.

"బంగారు బిడ్డ! గిట్ల ఎవరు నేర్పిండ్రు?"

"మా లచ్చవ్వ."

మూడో రోజు పట్టపగలు, లచ్చవ్వ పారిపోయి వచ్చిన గడీ నుంచి బండి వచ్చింది. అడ్డం వెళ్లిన తాతను జవాన్లు తోసేశారు. లచ్చవ్వ పిండి చేతులు కడుక్కుని, "రొట్టె మాడుతది, జర చూడమ్మా" అని నాయినమ్మకు చెప్పింది. బండెక్కే ముందు నా తల నిమిరింది. ఎవరి వల్ల పట్టుబడిందో ఆమెకు తెలియదు. ఏమైపోయిందో మాకు తెలియలేదు.

దొరతనాలు పోయాయి. ఆ దొర పిల్లలు పట్నంలో పెద్దమనుషులయ్యారు, ఏ గతమూ వాళ్ల తలుపు తట్టలేదు. బండలు పేల్చి అద్దాల మేడలు కట్టారు, సీతాఫలం చెట్టు మచ్చుకైనా లేదు. నన్ను వేలెత్తి చూపగల తాతా నాయినమ్మా ఎప్పుడో వెళ్లిపోయారు. మొన్న సినిమా అయ్యాక మనవరాలు, "చూసినవా అవ్వా, చేసిన తప్పు ఎన్నటికైనా బయటపడాల్సిందే" అంది.

"ఎన్నేండ్లు పడ్తది బిడ్డా?"

"సినిమాలనైతే రెండు గంటలే" అని నవ్వింది.

నాకు ఎనభై అయిదు నిండాయి. ఇంకా ఎవరూ రాలేదు.