తలుపుకి తగిలించిన కారియర్

మా మరిదిని అందరూ బ్రేకు అంటారు. బస్సు నడిపే రోజుల్లో ఎవరు వెనకాల పరుగెత్తుకొచ్చినా ఆపేవాడు. వాళ్లెక్కి దణ్ణం పెట్టేలోపే మొహం తిప్పుకుని బండి కదిలించేవాడు. "రొప్పుతున్న మనిషిచేత దణ్ణాలు కూడా పెట్టించుకోవాలా వదినా?" అనేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్ను ఆ ఇంటి కోడల్ని చేశాడు.

ఉద్యోగం అయిపోయాక, వండుకోలేని ముసలివాళ్లకి భోజనం పంపే సేవాసంఘంలో వ్యాను నడపడానికి చేరాడు. అక్కడి వంటింట్లో నేనూ కూరలు తరుగుతాను. అతని పద్ధతి ఒకటే. కారియర్ తలుపు గడియకి తగిలించి, తట్టి, వెనక్కి చూడకుండా వచ్చేయడం. మర్నాటికి కడిగిన ఖాళీ కారియర్ అక్కడే వేలాడుతూ ఉంటుంది. ఎవరు తింటున్నారో పక్కింటికి కూడా తెలియదు.

అంతలో సంఘం ప్రచారానికి ఒక పిల్ల వచ్చింది. చెడ్డది కాదు గానీ, ఫోను ఆమె చేతికి ఆరో వేలు. "తలుపులు చూపిస్తే ఎవరు సాయం చేస్తారు బాబాయ్‌గారూ? మొహాలు కావాలి" అంటూ వ్యానెక్కింది.

మా కారియర్ వెళ్లే ఇళ్లలో ఒక రిటైరైన లెక్కల మాస్టారి తలుపు తీయించింది. పెద్దాయన కర్ర ఊతంతో వచ్చి కారియర్ అందుకున్నాడు. "వెలుతురు చాల్లేదు తాతగారూ, మళ్లీ ఇచ్చి పుచ్చుకోండి" అందట. ఇచ్చాడు, పుచ్చుకున్నాడు. "ఈసారి కాస్త నవ్వుతూ!" అందట. అన్నం చల్లారిపోతున్నా మా బ్రేకు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

ఆ వీడియో కింద పాత శిష్యులంతా "అయ్యో, మా మాస్టారికి ఈ గతా!" అని రాశారు. పక్కింటాయన పనిగట్టుకుని అవన్నీ ఆయనకి చదివి వినిపించాడు. మర్నాడు కారియర్ గడియకే ఉంది, పెట్టిన అన్నం పెట్టినట్టే. ఆ మర్నాడూ అంతే.

మరిది వ్యాను తాళంచెవి తెచ్చి వంటింటి బల్లమీద పెట్టాడు. "ఆ వీడియో తీసేసేదాకా బండి కదలదు."

"మిగతావాళ్ల కడుపులేం పాపం చేశాయయ్యా?" అని అతన్ని కసిరి, అక్కడే ఉన్న పిల్లవైపు తిరిగి వీడియో తీసెయ్యమన్నాను.

"అది చూసే కదా అమ్మమ్మగారూ, ఇన్ని బియ్యం బస్తాలొచ్చాయి!" అంది.

ఆ మాట అబద్ధం కాదు. బస్తాలు ఎదురుగానే ఉన్నాయి. అందుకే ఒళ్లు మరింత మండింది.

"చెయ్యి చాచి అడుగుతున్నది మనమే తల్లీ! మన మొహాలు పెట్టు. నా కత్తిపీట పెట్టు, ఆ మసి గిన్నెలు పెట్టు. ఆయన పరువెందుకు మధ్యలో?"

మూతి ముడుచుకుంది గానీ తీసేసింది.

ఆ పూట ఆ పిల్లతోపాటు నేనూ వ్యానులో వెళ్లాను. తలుపు ముందు నిలబడి అరిచాను. "మాస్టారూ, వీడియో తీసేశారు! నా దగ్గర ఫోను లేదు, ఉన్నా నొక్కడం రాదు. మీరు తినడం లేదని మా మరిది పస్తుంటున్నాడు. ఇద్దరు మొండివాళ్లని బతిమాలే ఓపిక నాకు లేదు!"

లోపల కర్ర చప్పుడైంది. నేను మెడ చాచేలోపే మరిది చెయ్యి పట్టి లాగాడు. "పద వదినా, చూడకు."

వ్యానులో ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. "అమ్మమ్మగారూ, ఇందాక అరిచారే, అదే మళ్లీ ఇక్కడ అరవరా? వెలుతురు బ్రహ్మాండంగా ఉంది!"

అరిచాను. ఈసారి ఆమెమీదే.

మర్నాడు గడియకి కారియర్ ఖాళీగా, తళతళలాడుతూ వేలాడింది.