పన్నెండో పేజీలో వచ్చే ధైర్యం

మా పాపకు ధైర్యం కొనుక్కొచ్చాను. అనంతపురంలో పుస్తకాల అంగట్లో దొరికింది. నున్నటి కాగితం, నిండా రంగుల బొమ్మలు. పిరికిపిల్ల ఒకతి మేడ మీద నిలబడి పక్షుల్ని చూస్తుంది. చూస్తుంది, చూస్తుంది, పన్నెండో పేజీకల్లా ధైర్యవంతురాలైపోతుంది. ఇంత సులువని తెలియక మేము మూడేళ్లు దర్గాల చుట్టూ తిరిగి తాయెత్తులు కట్టించాం.

పుస్తకంలో కొలను, కొలనులో హంసలు, చుట్టూ పచ్చిక. రాప్తాడులో పెరిగే పిల్లకు హంస సంగతి తర్వాత, ముందు కొలనంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది.

ఇంతకీ ఆ అవసరం ఏమొచ్చిందంటే, పాప మూడో తరగతి. ఇంట్లో వాగుడుకాయ, బడిలో మూగనోము. సోమవారం నోరు తెరిచి పాఠం చదవకపోతే ఒకటో తరగతిలో కూర్చోబెడతానని మేడం నన్ను పిలిపించి చెప్పింది. చదవడం రాక కాదు, ఇంట్లో గడగడా చదువుతుంది. ఆ మాట మేడంతో చెప్పానా? "సరే మేడం" అన్నాను. ఆమెకు వినపడలేదేమోనని ఇంకో రెండుసార్లు కూడా అన్నాను.

శనివారం మా నాయన ఊరికి పోయి, పాపకు ఆ పుస్తకం నాలుగుసార్లు చదివి వినిపించాను. నాయన మంచం మీద పడుకుని అంతా విన్నాడు.

"పిట్టల్ని చూస్తే ధైర్యం వచ్చేట్టయితే, కోళ్లఫారం వాళ్లంతా ఈపాటికి కలెక్టర్లు అయ్యిండాల గదమ్మా" అన్నాడు.

మరునాడు నాయన శనక్కాయ విత్తడానికి చేను దున్నిస్తుంటే మేమూ పోయాం. బాడుగ ట్రాక్టరు. సగం చేను అయ్యాక ఒక తీతువు పిట్ట ట్రాక్టరుకు ఎదురుగా వచ్చి, రెక్కలు విప్పి నిలబడింది. ఒకటే అరుపు. తీతువు అరిస్తే చావు కబురని మా అమ్మ థూ థూ అని ఉమ్మేది. అదే తీతువు చేలో గుడ్లు పెడితే మాత్రం మా ఊళ్లో ఎవరూ ఆ చోటు దున్నరు. చుట్టూ రాళ్లు పెట్టి వదిలేస్తారు. అరుపుకు తిట్లు, గుడ్లకు మర్యాద. మా న్యాయం మాది.

డ్రైవరు బండి ఆపి దిగాడు. "ఏమప్పా, గుడ్లుండాయని ముందే చెప్పకూడదా?" అని నాయన మీద కేకలేశాడు.

"నాకేమన్నా చీటీ రాసిచ్చినాదా అది? యాడుండాయో చూడు పో" అన్నాడు నాయన.

రాళ్ల మధ్య రాళ్లలాగే నాలుగు గుడ్లు. చుట్టూ హద్దు పెట్టారు. ట్రాక్టరు పక్కనుంచి తిరిగిపోయింది. అది గట్టు దాటేదాకా పిట్ట కదల్లేదు.

నాకు ఆ పుస్తకం పూనింది. "చూసినావా పాపా? దీన్నుంచి మనం ఏం నేర్చుకోవాల?" అన్నాను.

పాప చాలాసేపు పిట్టనే చూసింది. "దానికీ భయమే అమ్మా. వణుకుతాండాది చూడు. గుడ్ల కోసరం నిలబడినాది" అంది. నావైపు తిరిగి, "మేడం నన్ను తిడితే నువ్వు సరే సరే అంటావు" అంది.

వెటకారానికి ఎప్పుడూ ముందుండే మా నాయన పోయి హద్దుకు ఇంకో రాయి పెట్టొచ్చాడు.

సోమవారం మేడం నా ముందే పాఠం తెరిచి చదవమంది. పాప తల వంచుకుని నిలబడింది. పన్నెండు పేజీలూ దండగ.

"చూశారా? ఒకటో తరగతికి పంపిస్తున్నాను" అంది మేడం.

నా నాలుక మీద "సరే" తయారుగా ఉంది. ముప్పై ఏళ్ల అలవాటు మరి.

"వద్దు మేడం" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "పాపకు చదవడం వస్తాది. మీరంటే భయం, అంతే. నాకూ మీరంటే భయమే. ఆ భయం నా కాడనే నేర్చుకున్నాది. కూర్చోబెడితే నన్ను కూర్చోబెట్టండి ఒకటో తరగతిలో, దాన్ని కాదు."

పిల్లలంతా నావైపే చూస్తున్నారు. నా కాళ్లు వణుకుతున్నాయి. మేడం కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. పాపను పోయి తన చోట్లో కూర్చోమంది.

పాప పోయి కూర్చుంది. పక్కపిల్ల ఏదో గుసగుసగా అడిగింది. ఆ గదిలో మా పాప గొంతు మొదటిసారి అప్పుడే విన్నాను.

"ఆయమ్మ మా అమ్మ" అంది, తరగతంతా వినపడేట్టు.