అద్దం గదిలో ఏడుపు పాట

జీతం ఉండదని వాళ్ళు ముందే చెప్పారు. ఆ విషయంలో నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. భాషాశాస్త్రం చదివే విద్యార్థులకి ఐరోపాలో ఒక విశ్వవిద్యాలయంలో వేసవి అంతా పరిశోధన, శిక్షణ. దేశదేశాల నుంచి కొద్దిమందినే తీసుకుంటారు. ఉండడానికి గది ఇస్తారు, టిక్కెట్టు మనమే కొనుక్కోవాలి, చేసిన పనికి పైసా ఇవ్వరు. విశాఖపట్నంలో ఎం.ఏ. రెండో ఏడు చదువుతుండగా మా మాస్టారు ఆ ప్రకటన నా ఫోనుకి పంపించి, "నువ్వు పెట్టకపోతే ఇంకెవరు పెడతారమ్మా" అన్నారు.

మాది ముంచింగిపుట్టు మండలంలో కొండవాలు మీద ఒక చిన్న ఊరు. ఇంట్లో మేం మాట్లాడేది కువి. తెలుగు నాకు బడిలో వచ్చింది, ఇంగ్లీషు పాడేరు హాస్టల్లో దెబ్బలు తింటూ వచ్చింది. మా భాషలో ఒక మాట పక్కన ఇంకో మాట చేరితే రెండూ ఎందుకు రూపు మార్చుకుంటాయో చిన్నప్పుడే నాకు వింతగా ఉండేది. అడిగితే మాస్టర్లు, "అది భాష కాదు, యాస. దానికి వ్యాకరణం ఉండదు" అనేవారు. ఆ మాట తప్పని ఎం.ఏ.లో చేరాకే తెలిసింది. అందుకే దరఖాస్తులో ఒకే వాక్యం రాశాను: మా భాష వ్యాకరణం నేనే రాయాలనుకుంటున్నాను, అందుకు కావలసినది నేర్చుకోవడానికి వస్తాను. ఎంపిక చేశారు.

టిక్కెట్టుకి సాయం దొరుకుతుందేమోనని పాడేరులో ఒక ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా కాగితం రెండువైపులా తిప్పి చూశాడు. "విదేశాల్లో చదువైతే స్కీము ఉంది. ఇది డిగ్రీ కాదంటన్నావు, ఉద్యోగం కాదంటన్నావు. మరి ఇదేటమ్మా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. అదేమిటో నాకూ సరిగ్గా తెలియదు. చివరికి అన్నయ్య మిరియాలు అమ్మిన డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మా వదినది అరకు దగ్గర ఊరు. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు. ఆమె వచ్చినప్పటి నుంచి మా ఇంట్లోనూ సగం తెలుగు అయిపోయింది. నా బట్టలు సర్దుతూ అడిగింది. "జీతం నేని పనికి అంత దూరం ఏటే గుంటా? ఇక్కడ తోటలో బోల్డు పనుంది కదా."

"పని కాదు వదినా. నేర్పుతారు."

"నేర్పితే ఉండు. నేర్పకపోతే బేగి వచ్చీ."

మొదటి వారం నిజంగానే నేర్పారు. ఆ వారాన్ని నేను ఇప్పటికీ ప్రేమగానే తలుచుకుంటాను. నోటి నుంచి వచ్చిన శబ్దం కంప్యూటరు తెర మీద నల్లటి చారలుగా, మబ్బుల్లా కనిపించేది. ఏ చార దగ్గర నాలుక ఎక్కడుందో, ఊపిరి ఎక్కడ ఆగిందో చూపించారు. నేను మధ్యాహ్నం తిండి కూడా మరిచిపోయి ఆ తెర ముందే కూర్చునేదాన్ని. నా పక్క కుర్చీ కెన్యా నుంచి వచ్చిన అబ్బాయిది. అటుపక్క ఆ విశ్వవిద్యాలయం ఉన్న దేశపు అమ్మాయే ఒకామె, నాకన్నా చిన్నది, మొహమాటస్తురాలు. మా అందరికీ పెద్ద ఒక ప్రొఫెసరు. జుట్టు నెరిసిన ఆవిడ, నెమ్మదిగా మాట్లాడేది, అందరికీ తానే టీ పోసేది.

రెండో వారం గోడ మీద పనుల పట్టిక అంటించారు. మిగిలిన అందరి పేర్లూ విశ్లేషణ అన్న మాట కింద ఉన్నాయి. నా పేరు ఒక్కటే రికార్డింగ్ కింద ఉంది. రికార్డు చేసే యంత్రం నాకు అప్పగిస్తున్నారనుకుని పొంగిపోయాను. పొద్దున్నే ఆ గదికి వెళ్ళి, యంత్రం ముందున్న కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్లు తలకి పెట్టుకున్నాను.

ప్రొఫెసరు వచ్చింది. చిరునవ్వుతో హెడ్‌ఫోన్లు తీసేసి, నా భుజం మీద చెయ్యి వేసి, అద్దానికి అవతల ఉన్న చిన్న గదిలోకి తీసుకెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టింది. నేను లేచిన కుర్చీలో ఆ మొహమాటపు అమ్మాయి కూర్చుంది.

ఆ రోజు నుంచి నా పని మాటలు చెప్పడం. చెయ్యి, కన్ను, నీళ్ళు, నిప్పు. మళ్ళీ చెప్పు. ఇంకోసారి చెప్పు. ఇప్పుడు వాక్యంలో పెట్టి చెప్పు. గోడలకి మెత్తటి దిమ్మలు తాపడం చేసిన గది అది. మాట నోటి నుంచి బయటపడగానే చచ్చిపోయేది. మా కొండల్లో ఎవరైనా కేకేస్తే అవతలి వాలు నుంచి జవాబు వస్తుంది. అక్కడ నా గొంతు నాకే వినబడేది కాదు. సాయంత్రానికి గొంతు గరగరలాడేది. పక్క గదిలో మిగిలినవాళ్ళు నా మాటల్ని ముక్కలు చేసి, కొలిచి, సూత్రాలు రాసేవాళ్ళు. టీ దగ్గర వాళ్ళు మాట్లాడుకునే పదాలు నాకు సగం అర్థమయ్యేవి కావు. నా భాష గురించి మాట్లాడుకుంటున్నారని మాత్రం అర్థమయ్యేది.

కెన్యా అబ్బాయి సాయంత్రాలు తన నోట్సు నాకిచ్చేవాడు. "మా భాష మీద ఇప్పటికే పుస్తకాలున్నాయి. లేకపోతే ఆ గదిలో నేనూ ఉండేవాణ్ణి" అన్నాడొకసారి. నవ్వుతూ అన్నాడు గానీ అతని కళ్ళల్లో నవ్వు లేదు.

వారం చూసి ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళాను. నేనూ విశ్లేషణ నేర్చుకోవాలి కదా అని, చెప్పగలిగినంత మర్యాదగా అడిగాను. ఆవిడ నా చేతులు పట్టుకుంది.

"ఇక్కడున్న అందరిలోనూ విలువైనదానివి నువ్వే. నీలాంటివాళ్ళు దొరకడం ఎంత కష్టమో నీకు తెలియదు" అంది.

దొరకడం! తొలి వానకి అడవిలో పుట్టగొడుగు దొరికినట్టు. నేను దొరకలేదు. దరఖాస్తు పెట్టుకుని, మా అన్నయ్య డబ్బుతో, నా కాళ్ళ మీద వచ్చాను. ఆ మాట అప్పుడే అనాల్సింది. ఇంగ్లీషులో వాక్యం కూడేలోపు ఆవిడ ఇంకో మీటింగుకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి వారం ఆవిడ ఏడుపు పాట అడిగింది.

మా ఊళ్ళో మనిషి పోతే ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్ళని వరస పెట్టి పిలుస్తారు. ఏ వాలులో పోడు కొట్టాడో, ఏ సంతకి ఏం మోశాడో, ఎవరి మీద కోప్పడ్డాడో అన్నీ అందులో వస్తాయి. ఒకరి కోసం ఏడ్చింది ఇంకొకరికి పనికిరాదు. చావు లేనప్పుడు ఆ రాగం ఎవరూ ఎత్తరు. చిన్నపిల్లలు ఆటలో ఎత్తితే పెద్దవాళ్ళు మూతి మీద కొడతారు. నాకు మొదటినుంచి చివరిదాకా తెలిసిన ఏడుపు ఒక్కటే. మా నాన్న పోయినప్పుడు అమ్మ ఏడ్చింది. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

ఇదంతా ప్రొఫెసరుకి విడమరిచి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, కాగితం మీద రాసుకుంది కూడా. రాసుకుని, "ఎంత అద్భుతంగా ఉంది! కొంచెం, నమూనాకి మాత్రం పాడితే చాలు. ఇలాంటివి అంతరించిపోకముందే భద్రపరచాలి కదా" అంది.

"ఎవరూ చనిపోలేదు కదా" అన్నాను.

"అందుకే కదా, ఇప్పుడు ప్రశాంతంగా రికార్డు చేయవచ్చు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆలోచించుకుని చెబుతానని బయటికి వచ్చి ఇంటికి ఫోను చేశాను. మా ఊళ్ళో సిగ్నలు కావాలంటే కాఫీ తోట పై అంచుకి ఎక్కాలి. అదృష్టం కొద్దీ వదిన, అమ్మ అక్కడే కలుపు తీస్తున్నారు, వదిన ఫోనెత్తింది.

"ఏటి గుంటా, గొంతు అలగున్నాదేటి? ఏటి సేత్తన్నావు?"

చెప్పాను.

"ఎవులు సచ్చిపోనారే అక్కడ?"

"ఎవరూ చావలేదు వదినా. దాచిపెట్టుకుంటారంట."

"సావకుండా ఏడుపేటి? ఆలకేటి మతి పోనాదా? ఒప్పుకోకు. ఉండు, మీ అమ్మకిత్తాను."

అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అంతా విన్నది. కువిలో అమ్మ అన్నదాన్ని తెలుగులో చెబితే ఇది: "మీ నాన్న వింటాడు. నన్ను మళ్ళీ ఎందుకు పిలిచారని వెనక్కి వస్తాడు. వస్తే అక్కడ ఆయన్ని సాగనంపేదెవరు?"

మర్నాడు పొద్దున అందరం కూర్చునే సమావేశం ఉంది. ప్రొఫెసరు పనులు చదువుతూ నా దగ్గరికి వచ్చి, ఈవారం పాటలు అంది. నేను లేచి నిలబడ్డాను.

"నేను పాడను. ఇక మాటలు కూడా చెప్పను. నేనిక్కడికి విద్యార్థిగా వచ్చాను. జీతం లేదన్నారు, సరే అన్నాను. చదువు కూడా లేదని మీరు చెప్పలేదు."

ప్రొఫెసరు మెల్లగా, ఇక్కడ అందరూ సైన్స్ కోసం ఏదో ఒకటి ఇస్తున్నారని, తనకి కూడా ఈ కార్యక్రమానికి విడిగా జీతం లేదని చెప్పింది.

"అయితే అందరం ఇద్దాం," అన్నాను. "ఇక్కడ అమ్మ భాష లేనివాళ్ళెవరు? అందరం వంతులవారీగా ఆ గదిలో కూర్చుందాం. మొదట మీరు రండి."

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. కెన్యా అబ్బాయి లేచి వెళ్ళి అద్దం గది తలుపు తెరిచి పట్టుకున్నాడు. అందరి ముందూ కాదనలేక ఆవిడ లోపలికి వెళ్ళి మైకు ముందు కూర్చుంది. నేను యంత్రం ముందు కూర్చుని, మొదటి వారం నేర్చుకున్నట్టే మీట నొక్కాను. చెయ్యి, కన్ను అడిగాను. ఆవిడ తన భాషలో చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. అప్పుడు అడిగాను.

"మీ ఇంట్లో ఆఖరుసారి ఎవరైనా పోయినప్పుడు మీరేం పాడారో, ఏమన్నారో అది పాడండి. నమూనాకి కొంచెం చాలు."

అద్దం అవతల ఆవిడ మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. లేచి బయటికి వచ్చి, "కిందటి చలికాలమే మా నాన్న పోయారు" అని మాత్రం అని, తన గదికి వెళ్ళిపోయింది.

ఆ సంగతి నాకు తెలియదు. తెలిస్తే అడిగేదాన్నా? అడిగేదాన్నేమో. ఆవిడ బాధపడినందుకు నాకు జాలి కలిగింది. కానీ నా కోపం దాంతో తగ్గలేదు. తన తండ్రి దగ్గరికి వచ్చేసరికి తెలిసిన సంగతి, నా తండ్రి గురించి నేను విడమరిచి చెప్పినా ఆవిడకి ఎందుకు తెలియలేదు?

మర్నాటికి గోడ మీద పట్టిక మారింది. క్షమించమని ఎవరూ అనలేదు. నా పేరు విశ్లేషణ కిందికి వచ్చింది. రికార్డింగ్ దగ్గర అందరి పేర్లూ వంతులుగా ఉన్నాయి. ఆ మొహమాటపు అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ ఊరి యాసలో పడవల మాటలు చెబుతూ, మూడోసారికే, "ఇది ఇంత అలసటగా ఉంటుందని నాకు తెలియదు" అంది. మిగిలిన రోజులు నేను చదువుకున్నాను. కువిలో చుట్టరికపు మాటలు మనిషిని బట్టి ఎలా మారతాయో చిన్న వ్యాసం రాశాను. ప్రొఫెసరు దాన్ని దగ్గర కూర్చుని దిద్దింది. బాగా దిద్దింది, అబద్ధం చెప్పను.

చివరి రోజు సర్టిఫికెట్లు ఇచ్చారు. అందరివాటి మీదా పరిశోధన శిక్షణార్థి అని ఉంది. నా దాని మీద భాషా వక్త అని, అంటే మాటలు చెప్పిన మనిషి అని ఉంది. ఎప్పుడో అచ్చు వేయించేశారట, పొరపాటట. అక్కడే బల్ల మీద పెట్టేసి వచ్చాను. మార్చింది పంపడానికి వాళ్ళకి చలికాలం దాకా పట్టింది.

ఇప్పుడు నేను పరిశోధన విద్యార్థిని. ముంచింగిపుట్టు సంతరోజున దూరపు ఊళ్ళ నుంచి వచ్చే ముసలివాళ్ళ దగ్గర కూర్చుని మాటలు సేకరిస్తున్నాను. ఈమధ్య నా మాటలతో వాళ్ళ మాటలు పోల్చాల్సి వచ్చి, ఆ విశ్వవిద్యాలయం వాళ్ళు రికార్డింగులు దాచిన భాండాగారం ఇంటర్నెట్‌లో తెరిచాను. అక్కడ నా గొంతు ఉంది. పేరు లేదు, స్త్రీ, కొండ ప్రాంతం అని ఉంది. భాష పేరు, ఆ వేసవి తేదీలు చూసి నాదేనని పోల్చుకున్నాను. వినబోతే తెరుచుకోలేదు. నమోదైన పరిశోధకులకి మాత్రమే అనుమతి అంది. అది నా గొంతేనని రాస్తే, మీ సంస్థ నుంచి సిఫారసు పంపండి, పరిశీలిస్తాం అని జవాబిచ్చారు.

నా గొంతు నేను వినడానికి సిఫారసు! చెబితే వదిన పొయ్యి దగ్గర నుంచే అరిచింది. "నీ మాట నీకియ్యడానికి ఆలెవులే? మొత్తం తీసీమని సెప్పు."

తీసెయ్యమనలేదు. నా పేరు పెట్టమన్నాను, మా ఊరి పేరు పెట్టమన్నాను, అన్నిటికీ ఒక్కో నకలు పంపమన్నాను, మా ఊళ్ళో ఎవరు అడిగినా సిఫారసు లేకుండా వినిపించాలన్నాను. ప్రొఫెసరుకి కూడా విడిగా రాశాను. తన వంతు తాను గట్టిగా అడుగుతానని ఆవిడ ఆ రోజే జవాబిచ్చింది. భాండాగారం వాళ్ళ దగ్గర నుంచి ఇంకా ఏమీ రాలేదు. ఈ వారం మళ్ళీ రాస్తాను, ఈసారి అంత మర్యాదగా రాయను.